సీసాలకు వయసు కట్టిన ఆఫీసు

యాభై ఏళ్ళు దాటిన సీసాలో సోడా పోయడం నేరమని ఉత్తర్వు వచ్చిన నెలకి మా మార్లపాడులో దానికొక ఆఫీసు తెరిచారు. పశువుల ఆసుపత్రి ఖాళీ చేసిన భవనం దొరికింది. గోడ మీద గాలికుంటు సోకిన ఎద్దు బొమ్మను అలాగే ఉంచి, దాని పైన 'ప్రాంతీయ పానీయ సీసాల వయోనిర్ధారణ కేంద్రం' అని బోర్డు కట్టారు. చాలా రోజులు కొందరు గేదెలను తోలుకొచ్చారు. వాటిని వెనక్కి పంపడం నా మొదటి పని.

ఉత్తర్వు ఎలా పుట్టిందో మా సహాయ సంచాలకులు వామనమూర్తి గారు చెప్పారు. రాజధానిలో ఒక పెద్దాయన ఇంటికి ఇంకో పెద్దాయన భోజనానికి వెళ్ళారట. అక్కడ హాల్లో గోలీసోడా సీసాలో పువ్వు పెట్టి ఉంది. ఆయన దాని మెడ నిమిరి, 'ఇదీ మన సంస్కృతి' అన్నారట. పక్కనున్న అధికారి ఆ మాట రాసుకున్నారు. రాసుకున్నది ఫైలయింది, ఫైలు ఉత్తర్వయింది. ఊళ్ళలో చిన్న చిన్న సోడా ఫ్యాక్టరీల వాళ్ళు వాడిన పాత సీసాలన్నీ ఇకమీదట వారసత్వ పాత్రలు. వాటిని నింపరాదు, కుదపరాదు, గోలీ నొక్కరాదు. కడగకూడదు కూడా, మురికి చారిత్రక సాక్ష్యం కాబట్టి. ఉల్లంఘిస్తే మూడేళ్ళ జైలు.

ఏది పాతదో ఏది కాదో తేల్చడానికి డాక్టర్ శశిభూషణ్ అనే నిపుణులు వచ్చారు. ఆయన సీసాల మీద పరిశోధన చేసి పట్టా పొందినవారు. పరిశోధన అంతా ఒక నగరంలోని ప్రదర్శనశాలలో జరిగింది. అక్కడ అద్దాల బీరువాలో ఒక సోడా సీసాను నలభై ఏళ్ళుగా ఉంచారు. బీరువా తుడిచే మనిషి రోజూ దాన్ని కూడా గుడ్డతో ఒకసారి తుడిచేవాడు. నలభై ఏళ్ళకు ఆ సీసా పొట్ట చుట్టూ ఒక మిల్లీమీటరు వెడల్పున గాజు మసకబారింది. డాక్టరు గారు దాన్నుంచి సూత్రం తీశారు: మిల్లీమీటరు అరుగుదలకు నలభై సంవత్సరాలు.

"సీసా మీద పేరుంటుంది, కొన్నిటి మీద ఊరుంటుంది సార్," అన్నాను మొదటి రోజు.

"పేరు ఎవరైనా పోత పోయించుకోవచ్చు," అన్నారు ఆయన. "అరుగుదలను ఎవరూ పోత పోయలేరు. గాజు అబద్ధమాడదు."

"అమ్మాయి పరిశీలనలు నమోదు చేస్తే చాలు," అన్నారు వామనమూర్తి గారు. "అభిప్రాయాలకు ప్రస్తుతం పోస్టు మంజూరు కాలేదు."

నేను ఒప్పంద పద్ధతిలో నమోదు సహాయకురాలిని. ఆ మాటను కూడా నమోదు చేసుకున్నాను.

మొదటి తనిఖీ సోడా పీరయ్య షెడ్డులో జరిగింది. అతన్ని నేను పీరయ్య మామ అంటాను. బస్టాండు పక్కన రేకుల షెడ్డు, అందులో చేత్తో తిప్పే సోడా మిషను, గోడవారన చెక్కపెట్టెల్లో రెండువందల పదహారు గోలీ సీసాలు, అంతే అతని ఆస్తి. కొత్త గాజు సీసాలు ఎవరు చేస్తున్నారో అతనికి తెలియదు. ఏ ఊళ్ళోనైనా సోడా ఫ్యాక్టరీ మూతపడిందని వింటే పోయి, పనికొచ్చే సీసాలు ఏరి తెచ్చుకునేవాడు. అందుకని అతని పెట్టెల్లో పదకొండు ఊళ్ళ పేర్లున్న సీసాలుండేవి. సీసాను మెడ దగ్గర పట్టుకుని గోటితో ఒక మీటు మీటి, అది ఏ ఊరిదో, ఏ కాలం గాజో చెప్పగలడు. తప్పు చెప్పగా నేను చూడలేదు.

శివరాత్రికి కొండ మీద మూడు రోజులు తిరునాళ్ల జరుగుతుంది. ఎండలు అప్పుడే మొదలవుతాయి. ఏడాది మొత్తానికి పీరయ్య మామ ఇల్లు నిలబడేది ఆ మూడు రోజుల సోడాలతోనే. తనిఖీ జరిగింది దానికి ఏడు వారాల ముందు.

డాక్టరు గారు సీసాలను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి, పొట్ట చుట్టూ ఉన్న మసక పట్టీ వెడల్పు కొలిచారు. నేను రాశాను. నాలుగు మిల్లీమీటర్లు, నూట అరవై ఏళ్ళు. ఆరు మిల్లీమీటర్లు, రెండువందల నలభై ఏళ్ళు. పదోది వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచారు. ముప్పయ్యోది కొలిచాక కుర్చీ అడిగారు. నాలుగో పెట్టెలో అడుగున ఒక సీసా దొరికింది. దాని పట్టీ పదహారు మిల్లీమీటర్లుంది.

"ఆరువందల నలభై," అన్నారు ఆయన మెల్లగా.

పీరయ్య మామ భార్య హుసేనమ్మ అత్త తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చి చూసింది. "ఇదా? ఇది మా పెద్దపిల్ల పుట్టిన యేడు కొన్న సరుకు. దానికి ఇప్పుడు ఇరవై రెండు. ఆరొందలేళ్ళ నాటి సీసాని రోజూ ఎవరు గడుగుతన్నారయ్యా, మా ముత్తవ్వనా?"

"సదరు మహిళ కుమార్తె జనన తేదీ సీసా జనన తేదీకి ఆధారం కాజాలదు," అన్నారు వామనమూర్తి గారు.

పీరయ్య మామ ఓపిగ్గా చెప్పి చూశాడు. "అయ్యా, అది వయసు గాదు, పని. ఒకసారి ఇట్టా రాండి." మిషను తలుపు తీసి ఇనప గూళ్ళు చూపించాడు. "గ్యాసు కలవాలంటే సీసాల్ని ఇందులో పెట్టి గిర్రున తిప్పాల. తిప్పినప్పుడల్లా గూటికి రాసుకుంటయ్. పెట్టెలో ఒకదానికొకటి రాసుకుంటయ్. బండి మీద గతుకుల్లో రాసుకుంటయ్. ఈ సీసా తెగ తిరిగింది, అందుకే అరిగింది. తిరగందానికి యాడ అరుగుద్ది?"

"మీ విద్యార్హత?" అన్నారు డాక్టరు గారు.

"ఐదు."

"ఐదో తరగతి, మౌఖికం," అని నాకు చెప్పి రాయించారు ఆయన.

ఆ సాయంత్రమే రెండువందల పదహారు సీసాలూ ఆఫీసుకు వచ్చాయి. వారసత్వ పాత్రలను కుదపకూడదు కాబట్టి బండి వాడలేదు. నలుగురు మనుషులు రెండేసి సీసాలను పత్తిలో చుట్టుకుని, పసిబిడ్డల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, బస్టాండు నుంచి ఆఫీసుకు ఇరవై ఏడు సార్లు తిరిగారు. దారిలో జనం లేచి నిలబడ్డారు. ఎవరు పోయారని ఒకాయన నన్ను అడిగాడు.

పదహారు మిల్లీమీటర్ల సీసా వల్ల చిన్న ఇబ్బంది వచ్చింది. ఆరువందల నలభై ఏళ్ళ కిందట ఇక్కడ సోడా ఎవరు తాగారని పైఆఫీసు వాళ్ళు అడిగారు. సూత్రం తప్పేమోనని ఎవరికీ అనిపించలేదు. చరిత్రలో లోటుందని తేల్చారు. మా ఊరి పక్క గుట్ట మీద ఒక శాసనముంది. అందులో ఎవరో దారిన పోయేవాళ్ళ దాహం తీర్చడానికి భూమి ఇచ్చినట్టు రాసుంది. "ఏ పానీయంతో తీర్చారో రాయలేదు," అన్నారు డాక్టరు గారు అర్థవంతంగా. దాని మీద ఆయన నలభై పేజీల వ్యాసం రాశారు. వ్యాసం చివర, మన పూర్వీకులకు గ్యాసు తెలుసని తేలింది.

ఆ వార్త పేపర్లో చూసి రైసుమిల్లు కోటిలింగం గారు వచ్చారు. మా ఊళ్ళో మొదటి సోడా ఫ్యాక్టరీ పెట్టింది ఆయన తాతగారు. ఫ్యాక్టరీ ఎప్పుడో పోయింది కానీ, వాడకుండా మిగిలిన ముప్పై ఆరు సీసాలను ఆ ఇంట్లో వెల్వెట్ గుడ్డలో చుట్టి బీరువాలో దాచారు. విజయదశమికి తీసి బొట్టు పెట్టి మళ్ళీ లోపల పెడతారు. ఆయన వాటిని కారు వెనక సీటులో పెట్టుకుని, పక్కన కూర్చుని, గంటకు పది కిలోమీటర్ల వేగంతో తీసుకొచ్చారు.

"పంతొమ్మిది వందల ఇరవై ఆరు," అన్నారు కోటిలింగం గారు. "మా తాత ఓడలో తెప్పించాడు. రసీదు ఇదిగో, రేవులో వేసిన ముద్ర కూడా ఉంది."

డాక్టరు గారు రసీదు పక్కన పెట్టి సీసా కొలిచారు. పొట్ట చుట్టూ అరుగుదల లేదు. రెండోది కొలిచారు, దానికీ లేదు. ముప్పై ఆరూ అంతే.

"ఒక సంవత్సరం లోపు," అన్నారు.

"ఏమిటి?"

"వయసు."

కోటిలింగం గారు నా వైపు చూశారు. నేను రాస్తున్నాను.

"మరి ఈ రసీదో?"

"కాగితం అబద్ధమాడగలదు," అన్నారు డాక్టరు గారు.

వామనమూర్తి గారు అంత కఠినంగా మాట్లాడే మనిషి కాదు. "అబద్ధమని మేము అనడం లేదండీ. సీసా తయారు కావడానికి తొంభై ఎనిమిదేళ్ళ ముందే రసీదు తీసుకున్నారు. ముందుచూపున్న కుటుంబం."

"అంటే మా తాత దొంగ సరుకు దాచాడంటావా?"

"సదరు తాతగారు మా పరిధిలోకి రారు."

ఆయన సీసాలను మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, నవీన వస్తువులుగా ధ్రువపత్రం తీసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు కారు మామూలు వేగంతోనే వెళ్ళింది.

ఈలోగా పీరయ్య మామ ఆఫీసు వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే వచ్చి, తలుపు సందులోంచి అద్దాల బీరువాల్లో ఉన్న తన సీసాలను చూసుకునేవాడు. ఒక్కోదాని కింద దాని శతాబ్దం వేసిన చీటీ: 'క్రీ.శ. పదిహేడో శతాబ్దం. తాకరాదు.' అతను పెట్టిన అర్జీలన్నీ నేనే రాసిపెట్టాను. నాలుగో అర్జీకి హుసేనమ్మ అత్త కూడా వచ్చింది.

"తిరునాళ్ల రెండు వారాలుందయ్యా," అంది వామనమూర్తి గారితో. "సీసాలియ్యకపోతే మేం కొండకాడ కూర్చుని ఏం నొక్కాల, మా పీకలా?"

"ప్రజలకు సోడా కొరత రానివ్వబోము," అన్నారు ఆయన. ఆయన నిజంగానే ఆలోచించారు. మర్నాటికి ఉత్తర్వు తయారైంది. వారసత్వ సీసాలు వాడకూడదు. కొత్త సీసాలు వాడవచ్చు. ఈ మండలంలో కొత్తవని ధ్రువపత్రం పొందిన గాజు సీసాలు ముప్పై ఆరున్నాయి. కాబట్టి ప్రజా ప్రయోజనాల దృష్ట్యా సదరు ముప్పై ఆరు సీసాలను శ్రీ కోటిలింగం గారి నుంచి స్వాధీనపరచుకుని, సోడా ఉత్పత్తి నిమిత్తం శ్రీ పీరయ్యకు అప్పగించవలెను.

అప్పగింత సోడా షెడ్డులోనే జరిగింది. కోటిలింగం గారు కూడా వచ్చి, సీసాల వెనకే నిలబడ్డారు. పీరయ్య మామ ఒక సీసా తీసుకుని గోటితో మీటాడు. మూతి చుట్టూ వేలితో తడిమాడు. తర్వాత చెమ్మ చెయ్యి లుంగీకి తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో కిందపెట్టాడు.

"ఇయ్యి ఆ తాతగారియ్యే," అన్నాడు. "గాజులో బుడగలు సూడండి. మూతి యేరేగా జేసి అతికిచ్చారు, అతుకు చేతికి తగుల్తంది. వందేళ్ళ గాజు. అప్పట్లో గ్యాసు మెల్లంగా పట్టిచ్చేవాళ్ళు. ఈ మిషను దెబ్బకి ఇయ్యి ఆగవు. మంచంలో ఉన్న ముసలాయన్ని లేపి మూటలు మొయ్యమంటామా?"

"అయ్యా, వాడి మాట వినండి," అన్నారు కోటిలింగం గారు.

"ధ్రువపత్రం ప్రకారం ఇవి ఏడాది లోపు సీసాలు," అన్నారు డాక్టరు గారు. "యవ్వనంలో ఉన్నాయి. నింపు."

"నింపనంటే?"

"ప్రభుత్వ కార్యానికి ఆటంకం," అన్నారు వామనమూర్తి గారు. "మిషనుకు సీలు వేయవలసి వస్తుంది."

పీరయ్య మామ మా అందర్నీ గోడ అవతలికి పొమ్మన్నాడు. మిషను మీద తడిపిన గోతాలు నాలుగు కప్పాడు. ముఖానికి జల్లెడ కట్టుకున్నాడు. ఆరు సీసాలు పెట్టి చక్రం తిప్పాడు. నాలుగో చుట్టులో మొదటిది పేలింది. తర్వాత మిగతా ఐదూ.

"ఆరు సీసాలు నమూనాకు చాలవు," అన్నారు డాక్టరు గారు గోడ అవతల నుంచి. "శాస్త్రీయంగా ముప్పై ఆరూ పరీక్షించాలి."

ఆరు విడతలు పట్టింది. మొదటి విడతకు కోటిలింగం గారు 'తాతా' అన్నారు. రెండో విడతకు సిమెంటు గట్టు మీద కూర్చున్నారు. అంతా అయ్యాక పీరయ్య మామ గోతాలు తీసి, పెంకుల్లోంచి గోలీలు ఏరి, నీళ్ళలో కడిగి, తెచ్చి ఆయన రెండు చేతుల్లో పోశాడు. గోలీలు ముప్పై ఆరూ బాగానే ఉన్నాయి. పీరయ్య మామ మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. హుసేనమ్మ అత్త దాని మీద పసుపు అద్దుతూ వామనమూర్తి గారి వైపు చూసింది.

"ఇప్పుడు తేలిందా, ఏది పాతదో?"

"తేలింది," అన్నారు డాక్టరు గారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఆధునిక గాజు నాసిరకం. మీ సీసాలు ఆరువందల ఏళ్ళుగా ఒత్తిడి తట్టుకున్నాయి, ఇవి ఆరు నిమిషాలు తట్టుకోలేదు. ఇక మీ సీసాలను మరింత భద్రంగా దాచాలి."

వారం తిరక్కుండా కోటిలింగం గారి లాయరు నుంచి నోటీసు వచ్చింది. వందేళ్ళ సీసాలను పగలగొట్టినందుకు ఉత్తర్వులోని మూడేళ్ళ జైలు ఎవరికి వర్తిస్తుందని అందులో అడిగారు. వామనమూర్తి గారు రెండు రోజులు భోజనం చేయలేదు. మూడో రోజు డాక్టరు గారు పెంకులు తెప్పించి, పగిలిన అంచులను భూతద్దంలో చూశారు. అంచుల మీద అరుగుదల బొత్తిగా లేదు. ఆ మధ్యాహ్నమే సర్క్యులర్ వెలువడింది. నేనే టైపు చేశాను కాబట్టి నాలుగో పేరా నాకు కంఠతా వచ్చు: 'ఒక సీసా మీద గల ఉపరితలాలన్నింటిలో నూతనమైనదే సదరు సీసా వయస్సుగా పరిగణించబడును. తాజాగా పగిలిన అంచు గల సీసా వయస్సు సున్నా. సున్నా వయస్సు గల సీసా ఈ కార్యాలయ పరిధిలోకి రాదు. పరిధిలోకి రాని సీసాకు జరిగినది నష్టం కాజాలదు.'

ఆ సర్క్యులరు చదివి లాయరు మళ్ళీ రాయలేదు.

తిరునాళ్లకు ఐదు రోజులుందనగా పైఆఫీసు నుంచి కొత్త కొలత పరికరం వచ్చింది. సీసా అడుగును రెండు ఇనప దవడల మధ్య పట్టి, మర బిగిస్తే, అరుగుదల అంకెల్లో కనిపిస్తుంది. డాక్టరు గారు దాన్ని ప్రారంభించడానికి ఆరువందల నలభై ఏళ్ళ సీసానే ఎంచుకున్నారు. పీరయ్య మామా, హుసేనమ్మ అత్తా ఏడో అర్జీతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. డాక్టరు గారు మర రెండు చుట్లు బిగించారు. అంకె కనబడలేదు. ఇంకో అర చుట్టు బిగించారు.

టిక్కుమని చిన్న చప్పుడయింది. సీసా అడుగు అంచు నుంచి పెసరబద్దంత పెచ్చు లేచి బల్ల మీద పడింది.

వామనమూర్తి గారు పెచ్చును చూశారు, ఉత్తర్వును తలచుకున్నారు, కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపారు.

"మూడేళ్ళు," అన్నారు.

"సార్," అన్నాను. "సర్క్యులర్ నాలుగో పేరా."

ఆయన ఒకసారి చదివారు. డాక్టరు గారికిచ్చి చదివించారు. డాక్టరు గారు భూతద్దం తీసి పెచ్చు లేచిన చోటు చాలా సేపు చూశారు.

"నిజమే," అన్నారు చివరికి. "ఉపరితలం పూర్తిగా నూతనం. సీసా వయసు సున్నా."

"అంటే మనం దేన్నీ పాడు చేయలేదు," అన్నారు వామనమూర్తి గారు.

"పాడు చేయడానికి ఇక్కడ ఏమీ లేదు."

రిజిస్టరులో ఆరువందల నలభై కొట్టేసి సున్నా వేశాను. సున్నా వయసు సీసాను ఉంచుకోవడానికి మాకు అధికారం లేదు కాబట్టి వామనమూర్తి గారు దాన్ని అక్కడికక్కడే పీరయ్య మామకు ఇప్పించి, దస్తకత్ తీసుకోమన్నారు. పద్నాలుగో శతాబ్దపు సోడా మీద డాక్టరు గారి వ్యాసం అప్పటికే అచ్చయిపోయింది కనుక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పీరయ్య మామ సీసాను తిరగేసి పెచ్చు పోయిన చోట బొటనవేలితో రాశాడు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అడుగు మందం," అన్నాడు నాతో. "ఇక్కడ రవ్వ లేస్తే ఏం గాదు. గ్యాసు పట్టిద్ది."

"ఒక్క సీసాతో తిరునాళ్ల జేస్తావా?" అంది హుసేనమ్మ అత్త.

అతను సీసాను చెవి దగ్గర్నుంచి దించాడు. బల్ల మీద ఉన్న ఇనప దవడలను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను దస్తకత్ కోసం రిజిస్టరు అతని వైపు తిప్పాను.

ఆ సాయంత్రం మా అధికారులిద్దరూ రాజధానిలో సదస్సుకు బయల్దేరారు. ఆరు శతాబ్దాల సోడా గురించి డాక్టరు గారు మాట్లాడతారు, వామనమూర్తి గారు శాలువా అందుకుంటారు. జీపు ఎక్కబోతూ వామనమూర్తి గారు నాకు పని చెప్పారు.

"మేము తిరిగి వచ్చేలోపు మిగిలిన రెండువందల పదిహేను సీసాలకు కొత్త పరికరంతో కొలతలు తీసి సిద్ధంగా ఉంచు. వయసులు సర్క్యులర్ ప్రకారమే వెయ్యి. పరిధిలోకి రానివి ఏవైనా ఉంటే నిబంధనల ప్రకారం పరిష్కరించు. సొంత తెలివి వాడవద్దు."

"రాతపూర్వకంగా ఇస్తారా సార్?" అన్నాను.

జీపు బానెట్ మీద పెట్టి సంతకం చేసిచ్చారు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు తెరిచాను. పీరయ్య మామా, హుసేనమ్మ అత్తా ఖాళీ చెక్కపెట్టెలు తెచ్చుకుని వరండాలో కూర్చున్నారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. నేను బీరువా తాళం తీసి మొదటి సీసాను దవడల మధ్య పెట్టాను. పరికరంతో వచ్చిన కాగితంలో రెండు చుట్లు బిగించమని ఉంది. డాక్టరు గారు చూపించిన పద్ధతి రెండున్నర. నేను నిపుణుల పద్ధతినే పాటించాను. ప్రతి సీసాకు టిక్కుమని చప్పుడయింది. ప్రతిసారీ రాశాను: ఉపరితలం నూతనం, వయసు సున్నా, నష్టం వర్తించదు. వరండాలో పీరయ్య మామ ఒక్కోదాన్నీ మీటి పెట్టెలో సర్దుకున్నాడు. పదిహేడో శతాబ్దం మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోయింది.

రిజిస్టరులో చివర ఒక గడి ఉంటుంది, సీసా తయారైన తేదీ వేయడానికి. ఇన్నాళ్ళూ ఆ గడిలో శతాబ్దాలే రాశాం. పొద్దు వాలేసరికి రెండువందల పదిహేను గళ్ళలోనూ ఆ రోజు తేదీ వేసి, కింద గీత గీశాను.